మనసు రాకుండా చేసే సేవ సేవేనా?

ఆవగింజ

అందరికీ వందనాలు. చాలాకాలంగా ఇక్కడ మీరు రాసేవి చదువుతున్నాను కానీ నేను రాయడం ఇదే మొదలు. మా సంఘంలో ఎవరితోనూ చెప్పుకోలేని విషయం, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉన్నారు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట కూడా సరిగా రాదు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్తారు. ఏడాదిన్నరగా ప్రతి శనివారం నేను వెళ్లి ఆమె ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, తల దువ్వి వస్తున్నాను. ఎవరూ చెయ్యమనలేదు. నాకే చెయ్యాలనిపించి మొదలుపెట్టాను. మొదట్లో ఇష్టంగానే వెళ్లేదాన్ని. ఇప్పుడు శుక్రవారం సాయంత్రం నుంచే గుండెల్లో బరువు మొదలవుతుంది. ఆమె తిడతారు. కావలసింది చెప్పడానికి మాట రాదు, తిట్టు మాత్రం స్పష్టంగా వస్తుంది.

పోయిన శనివారం తల దువ్వుతుంటే చిక్కులో దువ్వెన ఇరుక్కుంది. ఆమె తిట్టారు. నేను ఆగలేదు, లాగాను. కావాలనే లాగాను. దువ్వెన పళ్లకు ఐదారు తెల్ల వెంట్రుకలు చుట్టుకుని వచ్చాయి. ఆ తర్వాత ఆమె ఇంక తిట్టలేదు. గోడవైపు చూస్తూ ఉండిపోయారు. కంట్లోంచి నీళ్లు జారి దిండు తడిసింది. నేను చూడనట్టే జడ అల్లేసి వచ్చేశాను.

మర్నాడు ఆరాధనలో నన్ను లేపి నిలబెట్టి, ఇలాంటి ప్రేమ మనందరికీ ఉండాలి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల ఎత్తలేకపోయాను.

ప్రేమ లేకుండా, విసుక్కుంటూ, శనివారం వచ్చింది కదా అని చేస్తున్నాను. ఇలాంటిది దేవుడు సేవగా లెక్కపెడతాడా? మానేయడం మంచిదా? దయచేసి ఎవరైనా చెప్పండి.

రెండుకాసులు

వందనాలు సిస్టర్. మేలు చేయడంలో విసుగు పడవద్దు, తగిన కాలంలో పంట కోస్తాం అని గలతీయులకు రాసిన పత్రికలో పౌలు రాశాడు కదా. మీ కష్టం ఊరికే పోదు. మీ కోసం ప్రార్థిస్తున్నాను. ధైర్యంగా కొనసాగండి.

తెరచాటు

నేను కొంచెం వేరుగా చెప్తాను, ఏమనుకోకండి. ఉన్న ఆస్తి అంతా పంచిపెట్టినా, ఒళ్లు కాల్చుకోవడానికి అప్పగించినా, ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదని 1 కొరింథీయులు 13లో ఉంది. ఇంతకంటే స్పష్టంగా ఇంకెక్కడా లేదు. మనసులో లేనిది చేతులతో చేస్తే అది నటన అవుతుంది. కొంతకాలం ఆగి, మొదట దేవుని దగ్గర మనసు సరిచేసుకుని, ఆ తర్వాత వెళ్లండి. ఆ పెద్దమ్మకు కూడా అదే మంచిది కదా.

నాలుగోవాడు

తెరచాటు బ్రదర్, మీరన్న వాక్యం నిజమే. కానీ ఇద్దరు కొడుకుల ఉపమానం కూడా చూడండి, మత్తయి 21లో. తండ్రి ఇద్దరినీ ద్రాక్షతోటలో పనికి పొమ్మన్నాడు. ఒకడు పోనన్నాడు, తర్వాత మనసు మార్చుకుని పోయాడు. రెండోవాడు పోతానన్నాడు, పోలేదు. తండ్రి ఇష్టప్రకారం చేసింది ఎవరని యేసు అడిగితే మొదటివాడని విన్నవాళ్లే ఒప్పుకున్నారు. వాడు పాట పాడుకుంటూ వెళ్లాడని ఎక్కడా లేదు. ఎంత గొణుక్కుంటూ వెళ్లాడో మనకు తెలియదు, కానీ వెళ్లాడు.

ఆవగింజ సిస్టర్ మానేసి మనసు సరిచేసుకుంటూ కూర్చుంటే, అన్నాళ్లూ ఆ పెద్దావిడ తల ఎవరు దువ్వుతారు?

తెరచాటు

దువ్వెన అలా లాగడం కంటే దువ్వకపోవడమే మేలు కదా బ్రదర్. నేను ఆ మనిషి వైపు నుంచి చూస్తున్నాను.

నైట్‌డ్యూటీ

ఆవగింజ చెల్లీ, నేను నర్సుని. రోగుల దగ్గర పనిచేయబట్టి 17 ఏళ్లవుతోంది. మీరు రాసింది చదివి రెండుసార్లు ఆగిపోయాను. ఆ దువ్వెన నా చేతిలోనూ ఉండేది. దువ్వెన కాకపోతే ఇంకోటి. తెల్లవారుజామున నాలుగింటికి, ఆరోసారి బెల్ కొట్టిన మనిషి దుప్పటి విసురుగా లాగడం లాంటిది. ఎవరూ చూడరు. మంచం మీది మనిషికీ మనకూ మాత్రమే తెలుస్తుంది.

ముందు ఆమె తిట్ల గురించి చెప్పాలి, మీకు ఇది ఎవరూ చెప్పినట్టు లేదు. మెదడులో ఎడమవైపు దెబ్బతింటే శరీరం కుడివైపు పడిపోతుంది. చాలామందికి మాటల కేంద్రం కూడా ఆ ఎడమవైపే ఉంటుంది, అందుకే మాట పోతుంది. అయితే అన్ని మాటలూ ఒకేలా పోవు. ఆలోచించి, వెతుక్కుని పలికే మాట పోతుంది. అలవాటుగా నోటికొచ్చేవి మిగిలిపోతుంటాయి: అంకెలు లెక్కపెట్టడం, వారాల పేర్లు, చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన ప్రార్థనలు, పాటలు, తిట్లు. ఆమె "నొప్పిగా ఉందమ్మా, మెల్లగా" అనబోతే నోట్లోంచి వచ్చేది ఆ తిట్టే కావచ్చు. తలుపులన్నీ మూసుకుపోయిన ఇంట్లో తెరిచి ఉన్న కిటికీ అదొక్కటే. అన్ని తిట్లూ అలాంటివేనని నేను అనను, కోపం కూడా ఉంటుంది, ఉండదా మరి? కానీ మిమ్మల్ని తిడుతున్నారని మాత్రం అనుకోకండి.

ఇక చేతిపని. చిక్కు ఎప్పుడూ కొసల నుంచి తియ్యాలి, కుదుళ్ల నుంచి కాదు. చిక్కుకు పైన జుట్టును పిడికిట్లో పట్టుకుని దువ్వితే లాగుడు మీ పిడికిటి మీద పడుతుంది, ఆమె తల మీద పడదు. బట్టలు తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర. కుడిచెయ్యి పట్టుకుని ఎప్పుడూ పైకి లేపొద్దు, ఆ భుజం కీలు వదులైపోయి ఉంటుంది, చిన్న లాగుడుకే ప్రాణం పోయినంత నొప్పి. మీరు ఏ వైపు నిలబడుతున్నారు? కుడివైపు పడిపోయినవాళ్లలో కొందరికి రెండు కళ్లలోనూ కుడివైపు చూపు పోతుంది. అటు నుంచి వెళ్లి ఒంటిమీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడతారు. ఎడమవైపు నుంచి వెళ్లండి, కుర్చీ వేసుకుని కూర్చుని, ముఖం కనపడనిచ్చి, అప్పుడు ముట్టుకోండి.

ఇదంతా ఎందుకు రాశానంటే, సగం విసుగు మనకు పని సరిగా తెలియక వస్తుంది. చేతికి పని తెలిస్తే మనసుకు కొంచెం ఊపిరి ఆడుతుంది. ప్రేమ గురించి పెద్దలు చెప్తారు, నాకు తెలిసింది ఇది.

బేతనియ తోవ

అమ్మా ఆవగింజా, నేను చాలా ఏళ్లు సంఘ కాపరిగా చేసి ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాను. నీ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఒక మాట ఒప్పుకోవాలి. నిన్ను ఆరాధనలో నిలబెట్టి చప్పట్లు కొట్టించినట్టే నేనూ ఎంతోమందిని నిలబెట్టాను. వాళ్లు లోపల ఎలా ఉన్నారో ఒక్కసారీ అడగలేదు. చప్పట్లు కొట్టడం తేలిక. ఆ మరుసటి శనివారం ఆ ఇంటికి ఇంకొకరిని పంపడం కష్టం. నేను తేలికది చేశాను.

ఏడాదిన్నర నువ్వొక్కదానివే వెళ్లావు. అది నీ ప్రేమలో లోపం కాదమ్మా, సంఘం చేసిన తప్పు. నిర్గమకాండం 18లో మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని ప్రజల తగవులు తీరుస్తుంటే, మామ యిత్రో చూసి నువ్వు చేస్తున్నది మంచిది కాదన్నాడు. ఎందుకు? పని చెడ్డదని కాదు, ఒక్కడే చేస్తున్నాడని. నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. ఆ రెండో మాట చూడు. మోయలేని భారం ఒక్కరి మీద వేస్తే మోసేవాళ్లతోపాటు మోయబడేవాళ్లూ నలిగిపోతారు. ఆ పెద్దమ్మ కన్నీరు అదే.

అపొస్తలుల కార్యములు 6లో కూడా అంతే. రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు అందడం లేదని గొణుగుడు వచ్చింది. అపొస్తలులు ప్రేమ గురించి ప్రసంగం చెయ్యలేదు, ఏడుగురిని ఏర్పాటు చేశారు. వాళ్లు ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండినవాళ్లై ఉండాలన్నారు. బల్ల దగ్గర వడ్డించడానికి కూడా ఆత్మ కావాలనుకున్నారు ఆనాటివాళ్లు.

నీ అసలు ప్రశ్న, మనసు రాని పని గురించి. 17వ శతాబ్దంలో పారిస్‌లోని కర్మెలీయ సన్యాసుల మఠంలో బ్రదర్ లారెన్స్ అని ఒకాయన ఉండేవాడు. ఒకప్పుడు సైనికుడు, యుద్ధంలో దెబ్బతిని కుంటివాడయ్యాడు. మఠంలో ఆయనకు వంటగది పని ఇచ్చారు. ఆ పని ఆయనకు స్వభావసిద్ధంగా అస్సలు ఇష్టం లేదు. ఆ వంటగదిలోనే సుమారు 15 ఏళ్లు పనిచేశాడు. గిన్నెల చప్పుళ్ల మధ్య కూడా మోకాళ్ల మీద ఉన్నంత ప్రశాంతంగా దేవునితో ఉండడం అక్కడే నేర్చుకున్నాడు. ఇష్టం కలిగాక వంటగదిలోకి వెళ్లలేదు ఆయన. వెళ్లి, ఆ పని చేస్తూ, ఒక్కో చిన్న పనినీ దేవునికి ఇచ్చుకుంటూ పోయాడు. పడిపోయినప్పుడు, నువ్వు నన్ను వదిలేస్తే నేను ఇంతకంటే బాగా చెయ్యలేను అని దేవునితోనే చెప్పుకుని, ఇక దాని గురించి కుమిలిపోకుండా మళ్లీ పనిలోకి వెళ్లేవాడట.

కుమిలిపోకుండా అన్నది నీకోసం రాశానమ్మా. అయితే ఆ పెద్దమ్మకు నువ్వు ఒక క్షమాపణ బాకీ ఉన్నావు. అది దేవునితో చెప్పుకుంటే తీరేది కాదు. ఆమెకే చెప్పాలి.

ఆవగింజ

అయ్యగారూ, చివరి మాట చదివి చాలాసేపు ఏడ్చాను. నైట్‌డ్యూటీ అక్కా, నేను ఇన్నాళ్లూ కుడివైపే నిలబడుతున్నాను. గది అటే ఖాళీగా ఉంటుంది. ఆమె ప్రతిసారీ ఉలిక్కిపడతారు, నేనంటే ఇష్టం లేదనుకున్నాను.

పాతసంచి

ఈ చర్చలో నేనూ ఒకటి చెప్పాలి. నేను ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆసుపత్రిలో రోగుల్ని చూడడానికి వెళ్లే బృందంలో ఉన్నాను. చాలా ఏళ్లుగా మానలేదు. ఆ మధ్య మా నాన్నగారికి కంటి ఆపరేషన్ అయింది. రోజుకు నాలుగుసార్లు చుక్కలు వెయ్యాలి. ఒక ఆదివారం నేను ఆసుపత్రి నుంచి చీకటి పడ్డాక ఇంటికొచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని, ఒక చేత్తో రెప్ప పైకెత్తి పట్టుకుని, ఇంకో చేత్తో తానే చుక్కలు వేసుకోబోతున్నారు. మందు చెంప మీదుగా కారిపోతోంది. చొక్కా కాలరు తడిసింది. నన్ను చూసి, "నీకు పనులుంటాయి కదరా" అన్నారు. అంతే. కోపంగా అనలేదు.

తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది దేవునికి అర్పించేశామని చెప్పి తప్పించుకునేవాళ్లను యేసు మార్కు 7లో గట్టిగా గద్దించాడు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు కొర్బాను. ఆ అధ్యాయం నేను ఎన్నిసార్లు చదివానో. అది నా గురించి అని ఆ రోజు దాకా తెలియలేదు. ఇప్పుడు ఆదివారాల్లో నెలకు ఒకటి నాన్నగారి దగ్గరే ఉంటున్నాను. ఆ రోజు ఆసుపత్రికి నా బదులు ఇంకొకరు వెళ్తారు.

కిటికీ పక్కన

చాలా ఆలోచించి రాస్తున్నాను. ఇక్కడ అందరూ సేవ చేసేవాళ్లే మాట్లాడుతున్నారు. నేను సేవ చేయించుకునేవాణ్ణి. వెన్నుపూసకు దెబ్బ తగిలి తొమ్మిదేళ్లయింది. నడుము కింద స్పర్శ లేదు. నా ఒళ్లు ఎంతమంది చేతుల్లో పడి ఉంటుందో లెక్క లేదు. కాబట్టి కొంచెం సూటిగా మాట్లాడతాను, మన్నించండి.

మాకు చెయ్యి తెలుస్తుంది. గదిలోకి వచ్చిన మనిషి నోరు తెరవకముందే, దుప్పటి తీసే తీరులోనే తెలిసిపోతుంది. ఆవగింజ సిస్టర్, ఆ పెద్దమ్మకు కూడా మీ మనసు ఎప్పుడు మారిందో తెలుసు. మీకంటే ముందే తెలిసి ఉంటుంది. అయినా ప్రతి శనివారం మీ కోసం ఎదురు చూసే ఉంటారు, రావొద్దని ఉండదు. అందుకని, నటిస్తున్నానేమో అన్న భయం వదిలేయండి. మా దగ్గర ఎవరూ నటించలేరు. అలసిపోయి వచ్చారని తెలిస్తే మేమేమీ తప్పుగా అనుకోం. "ఈరోజు నాకు ఒంట్లో బాగాలేదు, త్వరగా చేసి వెళ్తాను" అన్న మనిషిని నేను చాలా గౌరవిస్తాను.

బాధపెట్టేవి వేరే ఉంటాయి. నా తల మీదుగా ఇద్దరు మాట్లాడుకుంటారు, "ఈయనకు రాత్రి నిద్ర పట్టిందా?" అని. నేను ఇక్కడే ఉన్నాను, నన్నడగొచ్చు. ప్రార్థన చేస్తామని అడక్కుండానే తల మీద చెయ్యి వేసి గట్టిగా మొదలుపెడతారు. ఒకసారి ఒక బృందం వచ్చి పండ్లు పక్కన పెట్టి ఫోటో తీసుకున్నారు. అప్పుడే స్నానం చేయించి చొక్కా వేస్తున్నారు, గుండీలు పెట్టలేదు. ఆగమని చెప్పేలోపే అయిపోయింది. ఆ ఫోటో ఎక్కడెక్కడ తిరిగిందో నాకు తెలియదు.

గుడ్డివాడైన బర్తిమయి దారి పక్కన కూర్చుని కేకలు వేస్తే, యేసు ఆగి, నేను నీకు ఏమి చేయాలని కోరుతున్నావని అడిగాడు. గుడ్డివాడికి ఏం కావాలో దారిన పోయే ఎవరికైనా తెలుసు. అయినా అడిగాడు. 38 ఏళ్లుగా పడి ఉన్న మనిషినీ అడిగాడు, బాగుపడాలని ఉందా అని. నన్ను తొమ్మిదేళ్లలో అలా అడిగినవాళ్లు ముగ్గురో నలుగురో. అందులో ఒక కుర్రాడు వారానికోసారి వచ్చి, లోపలికి రాగానే, "అన్నా, ఈరోజు ఏం చేద్దాం?" అంటాడు. ఏం చెయ్యమంటావు అనడు, ఏం చేద్దాం అంటాడు. ఒకరోజు నేను ఏమీ వద్దు, కిటికీ తీసి కూర్చో అన్నాను. గంటసేపు ఇద్దరం వాన చూశాం.

ఇంకొకటి. పుచ్చుకోవడం కూడా తేలిక కాదు. పేతురు మొదట యేసు చేత పాదాలు కడిగించుకోవడానికి ఒప్పుకోలేదు కదా, నాకు ఆ పేతురు బాగా తెలుసు. కానీ యేసే పుచ్చుకున్నాడు. బావి దగ్గర సమరయ స్త్రీని నీళ్లు అడిగాడు. ఆయనకూ శిష్యులకూ కొందరు స్త్రీలు తమ ఆస్తిలోంచి ఖర్చు పెట్టేవారని లూకా 8లో ఉంది. ఒకామె తన అత్తరుతో పాదాలు తడిపితే వద్దనలేదు. అడిగి పుచ్చుకోవడం వల్ల ఆయన ఎదుటి మనిషికి ఒక విలువ ఇచ్చాడు. ఆ పెద్దమ్మ దగ్గర మీరు ఎప్పుడైనా ఏదైనా పుచ్చుకున్నారా సిస్టర్? ఏడాదిన్నరగా ఒకవైపు నుంచే వెళ్తుంటే ఆవిడకు ఊపిరి ఎలా ఆడుతుంది?

నాకు బలం ఇచ్చిన మనిషి డాక్టర్ మేరీ వర్గీస్. వెల్లూరు ఆసుపత్రిలో పనిచేసేవారు. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిపోయింది. ఆ తర్వాత చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. వాళ్ల వంకరపోయిన వేళ్లను ఆమె సరిచేసేవారు. కూర్చుని చేయగలిగే పని ఉందని ఆమెకు ఎవరో గుర్తుచేశారు, ఆమె నమ్మారు. మంచం మీద ఉన్న ప్రతివాళ్లకూ ఏదో ఒకటి మిగిలే ఉంటుంది. చూసేవాళ్లు కావాలి.

నాలుగోవాడు

కిటికీ పక్కన అన్నా, ఇది మూడుసార్లు చదివాను. నా పేరు మార్కు 2లో పక్షవాత రోగిని మంచంతో మోసుకొచ్చి, ఇంటి పైకప్పు తీసి యేసు ముందు దించిన నలుగురి నుంచి పెట్టుకున్నాను. ఆ మంచం మీద ఉన్న మనిషి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. పైకప్పు తీసేటప్పుడు ఆయన మీద మట్టి రాలి ఉంటుంది కదా.

చిన్నదీపం

ఫోటోల విషయంలో ఒక మాట. మేము కొందరు కలిసి అవసరంలో ఉన్నవాళ్లకు మందులు అందిస్తాం. ఇచ్చేవాళ్లు ఫోటో అడుగుతారు, అది తప్పని అనలేం, వాళ్ల డబ్బు చేరిందో లేదో తెలియాలి కదా. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట నాకూ తెలుసు. కానీ లెక్క చెప్పకపోతే నమ్మకం పోతుంది. ఏం చెయ్యాలి?

కిటికీ పక్కన

మందుల ఫోటో తీయండి, రసీదు ఫోటో తీయండి. నా ముఖం ఎందుకు?

చిన్నదీపం

సరే అన్నా. ఈ నెల నుంచి అలాగే చేస్తాం. ఇదివరకు పెట్టినవి కూడా తీసేస్తాను.

రెండుకాసులు

ఒక సందేహం. సేవ చేసేటప్పుడు ప్రభువు గురించి చెప్పకుండా వచ్చేస్తే ఎలా? మందు ఇచ్చి, ఒళ్లు తుడిచి, సువార్త చెప్పకపోతే మిగతా మంచివాళ్లకూ మనకూ తేడా ఏముంది?

బేతనియ తోవ

మంచి ప్రశ్న. మంచి సమరయుడి కథ మళ్లీ చదువు నాయనా. దొంగలు కొట్టి దారిలో పడేసిన ఒక మనిషి గాయాలకు ఆయన నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు. తన వాహనం మీద ఎక్కించాడు, తాను నడిచాడన్నమాట. సత్రంలో రాత్రి తానే చూసుకున్నాడు. మర్నాడు రెండు దేనారాలు ఇచ్చాడు. ఒక దేనారం అంటే ఆ రోజుల్లో కూలివాడి ఒకరోజు జీతం. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. ఇంత చేసినవాడు ఆ దెబ్బలు తిన్న మనిషికి మతం గురించి ఒక్క మాట చెప్పినట్టు లేదు. అయినా నువ్వూ వెళ్లి అలాగే చెయ్యి అన్నాడు యేసు.

ప్రేమను ఎరగా వేస్తే అది ప్రేమ కాకుండా పోతుంది. తిండి లేనివాడి ముందు అన్నం పెట్టి షరతు చెప్పేవాడు ఆకలిని వాడుకుంటున్నాడు. అడిగినవాళ్లకు మాత్రం చెప్పు. మీలో ఉన్న నిరీక్షణకు కారణం అడిగితే జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు రాశాడు, అదీ సాత్వికంతో అన్నాడు. అడిగేంతగా బతకడం మన పని.

ఆ కథలో ఇంకొకటి ఆవగింజ కోసం. సమరయుడు అన్నీ తానే చెయ్యలేదు. సత్రంవాడికి అప్పగించి తన ప్రయాణం తాను సాగించాడు, మళ్లీ వస్తానని చెప్పి. ఒప్పగించడం వదిలేయడం కాదు.

తెరచాటు

ఆవగింజ సిస్టర్, నేను మొదట రాసింది కొంచెం కఠినంగా ఉంది. మా అమ్మ చివరి రోజుల్లో ఒకావిడ సాయానికి వచ్చేది, అమ్మను చాలా మోటుగా పట్టుకునేది. నాకు ఆ కోపం ఇంకా ఉంది. అది మీ మీద చూపించాను. క్షమించండి. కిటికీ పక్కన అన్న రాసింది చదివాక, ఆ సాయానికి వచ్చినావిడ ఒక్కతే ఎన్ని ఇళ్లు తిరిగేదో గుర్తొచ్చింది.

ఆవగింజ

పరవాలేదు బ్రదర్. మీరు పెద్దమ్మ పక్షాన మాట్లాడారు, అది కావాలి.

ఆవగింజ

నిన్న శనివారం. వెళ్లాను. వివరంగా రాస్తాను, ఎందుకంటే మీరందరూ నాతో వచ్చినట్టే అనిపించింది.

మంచాన్ని కొంచెం జరిపి ఎడమవైపు కుర్చీ వేసుకున్నాను. ముఖం చూపించి, చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. తర్వాత దువ్వెన చేతిలో పట్టుకుని, "పెద్దమ్మా, ఆ రోజు కావాలనే లాగాను. నన్ను క్షమించండి" అన్నాను. ఆమె నన్ను చూశారు. ఒక తిట్టు తిట్టారు. అదే, ఎప్పుడూ వచ్చేదే. తర్వాత ఎడమచేత్తో నా చేతిలో దువ్వెన తీసుకున్నారు. నాకు భయమేసింది, విసిరేస్తారేమోనని. విసరలేదు. తలకు పెట్టుకుని తానే దువ్వుకోవడం మొదలుపెట్టారు.

ఏడాదిన్నరలో ఆమెకు ఎడమచెయ్యి బాగానే ఉందని నేను ఒక్కసారీ గమనించలేదు.

వెనకవైపు అందలేదు. ముందు మాత్రం దువ్వుకున్నారు. పాపిట వంకర పోతోంది. అద్దం కావాలా అని అడిగాను. తల ఊపారు. ఆ గదిలో అద్దం లేదు, ఆమె కోడలి గదిలోంచి చిన్నది తెచ్చి పట్టుకున్నాను. పక్షవాతం వచ్చాక తన ముఖం చూసుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను. జారిపోయిన కుడి పెదవి మీద వేలు పెట్టి చాలాసేపు చూసుకున్నారు. నేను అద్దం దించబోతే చెయ్యి అడ్డం పెట్టారు. పాపిట మూడుసార్లు తీసుకున్నారు. నలభై నిమిషాలు పట్టింది. నాకు చెయ్యి లాగేసింది కానీ ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. వెనక చిక్కు మాత్రం నేను తీశాను, జుట్టు పిడికిట్లో పట్టుకుని, కొసల నుంచి.

తర్వాత నైట్‌డ్యూటీ అక్క చెప్పింది గుర్తొచ్చి ఒక పాట అందుకున్నాను. మా సంఘంలో అందరికీ వచ్చిన పాత పాట. మొదటి వరుస సగంలో ఉండగా ఆమె గొంతు కలిసింది. మాటలతో సహా. ఒక్క మాట తప్పకుండా. నాకు ఒళ్లు జలదరించింది. పల్లవి అయిపోయింది, మొదటి చరణం అయిపోయింది. రెండో చరణం నాకు రాదు, నేను ఆగిపోయాను. ఆమె ఆగలేదు.

నైట్‌డ్యూటీ

చెల్లీ, కళ్లు మసకబారి ఇప్పుడే మొహం కడుక్కుని వచ్చాను. ఇలా పాట వస్తున్నవాళ్లకు దాని సాయంతోనే కొన్ని మాటలు మళ్లీ నేర్పడానికి ప్రయత్నిస్తారు. మాట నేర్పించే థెరపిస్టు ఎవరైనా దొరుకుతారేమో ఆమె కొడుకుతో మాట్లాడండి, ఆలస్యమైందని ఊరుకోవద్దు. అద్దం అక్కడే ఉంచి రండి, ఎడమవైపు, చేతికి అందేలా.

ఆవగింజ

ఉంచే వచ్చాను అక్కా. వచ్చే శనివారానికి మా సంఘంలో ఇంకో చెల్లి వస్తానంది. మొదటి రెండు వారాలూ ఇద్దరం కలిసి వెళ్తాం, ఆ తర్వాత ఒక వారం తను, ఒక వారం నేను. తనకు ఏ వైపు నిలబడాలో, చొక్కా ఏ చెయ్యి ముందో చెప్పాను. ఆ రెండో చరణం ఆమె దగ్గర నేర్చుకుని రమ్మన్నాను. నేనూ నేర్చుకోవాలి.

కిటికీ పక్కన

నేర్చుకున్నాక ఇక్కడ రాయండి సిస్టర్. నాకూ పల్లవి వరకే వచ్చేమో.